దుబాయ్ టవర్‌లో కరెంటు పైకెక్కే దారి: బస్‌బారా, కేబులా?

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఎలక్ట్రీషియన్‌గా దుబాయ్ వచ్చినవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది మూడు పేర్లు. కింద ఎల్వీ (లో వోల్టేజ్) రూములో ఎండీబీ, అంటే మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు; అంతస్తుల్లో ఎస్‌ఎండీబీలు, అంటే సబ్ మెయిన్ బోర్డులు; ఫ్లాటులో డీబీ, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డు. ఎండీబీ నుంచి ఎస్‌ఎండీబీల దాకా కరెంటును దేంతో ఎక్కించాలన్నదే పెద్ద నిర్ణయం: కేబుళ్లతోనా, బస్‌బార్‌తోనా (రేకు పెట్టెలో అమర్చిన రాగి లేదా అల్యూమినియం పట్టీలు).

20 అంతస్తులు, అంతస్తుకు 40 కిలోవాట్ల డిమాండ్ అనుకుందాం. 400 వోల్టుల త్రీఫేజ్‌లో పవర్ ఫ్యాక్టర్ 0.9 వేస్తే అంతస్తుకు 64 ఆంపియర్లు, మొత్తం దాదాపు 1,283. కేబుల్ అయితే అంతస్తుకొకటి చొప్పున 20 లాగాలి, ఎండీబీలో 20 ఎంసీసీబీలు (పెద్ద సర్క్యూట్ బ్రేకర్లు) పెట్టాలి. ట్రే మీద గుంపుగా ఉన్న కేబుళ్లు ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి, పైగా ఇక్కడి ఎండలు. డీరేటింగ్ (వేడికి కేబుల్ మోయగల కరెంటును తగ్గించి లెక్కించడం) వేసేసరికి కేబుల్ సైజు పెరుగుతుంది. బస్‌బార్ అయితే కిందనుంచి పైదాకా నిలువుగా వెళ్లే 1,600 ఆంపియర్ల లైను (రైజర్) ఒక్కటి, దాన్నుంచి కరెంటు తీసుకోవడానికి అంతస్తుకో ట్యాప్-ఆఫ్ బాక్సు. ఇవన్నీ పైకి వెళ్లే నిలువు దారిలో (షాఫ్ట్) చోటూ మిగులుతుంది. కాకపోతే రైజర్‌లో ఫాల్ట్ వస్తే భవనమంతా చీకటే. కేబుల్ పోతే ఒక్క అంతస్తే. ఫైర్ పంపులకు, పొగ లాగే ఫ్యాన్లకు ఎలాగూ విడిగా ఫైర్ రేటెడ్ కేబుల్ వేయాల్సిందే. ఐదారు అంతస్తుల భవనానికి మా ఓటు కేబుల్‌కే.

బస్‌బార్ చెడేది ఎక్కువగా జాయింట్ల దగ్గరే. చాలా కంపెనీల జాయింటు బోల్టుకు రెండు తలలుంటాయి. బిగిస్తూ పోతే సరైన టార్క్ దగ్గర పైతల తెగి ఊడుతుంది. అది ఇంకా ఉందంటే బిగింపు చాలలేదన్నమాట. అలాగే వదిలేసి లోడు ఎక్కిస్తే జాయింటు వేడెక్కి ఇన్సులేషన్ మాడిపోతుంది.

ఇంకో శత్రువు నీళ్లు. పైస్లాబు మీద పోసిన క్యూరింగ్ నీళ్లు షాఫ్ట్‌లోకి జారతాయి. స్లాబు రంధ్రం చుట్టూ ముందే సిమెంటు గట్టు కట్టించాలి, తెరిచున్న చివరలకు ఎండ్ క్యాప్ వేయాలి. బస్‌బార్ ముక్క ఎక్కించక ముందోసారి, జాయింటు పడ్డాక మరోసారి మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) వేయాలి. నిన్న వందల మెగోమ్‌లు చూపి ఇవాళ రెండు మూడుకు పడితే ముందు తడినే అనుమానించాలి. 20 అంతస్తులూ కలిపాక ఎక్కడ తడిసిందో వెతకాలంటే మళ్లీ జాయింట్లన్నీ విప్పుకుంటూ రావాలి. అందుకే ఫోర్‌మన్ ఎంత తొందరపెట్టినా, రీడింగ్, తేదీ మార్కర్‌తో జాయింటు పక్కనే రాశాకే పై ముక్క ఎత్తండి.