వంగతోటలో తెల్లపిండి

పోయిన వర్షాకాలం పర్లాకిమిడి దగ్గర మా పొలంలో వంగమొక్కలు ఒక్కొక్కటే వాలిపోయాయి. పొద్దున్న నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వేలాడేసేది, సాయంత్రం కాస్త తేరుకున్నట్టు కనపడి ఆశ పెట్టేది, మూడో రోజుకి ఆకు పసుపు తిరక్కుండానే పచ్చిమీదే ఎండిపోయేది. టెన్షన్‌తో బజారుకి పరిగెత్తి సూడోమోనాస్ పొడి తెచ్చాను, అంటే వేళ్ళని కాపాడే మంచి బ్యాక్టీరియా కలిపిన తెల్లపిండి. షాపతను రాగి మందు కూడా చేతిలో పెట్టి రెండూ ఒకే ట్యాంకులో కలిపి పోసేయమన్నాడు, పోసేశాను. అంటే బతికున్న బ్యాక్టీరియాని డబ్బిచ్చి కొని, దాన్ని చంపే మందులో నేనే ముంచానన్నమాట. కలపకూడదని ప్యాకెట్ మీద ఒడియాలో రాసే ఉంది. ఒడియా గడగడా మాట్లాడతాను గానీ ఆ గుండ్రటి అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి ట్యాంకు ఖాళీ.

"ఏటిరా, మొక్కలకి సున్నం కొడుతున్నావేటి?" అన్నాడు పక్క మడి మావయ్య. ఆయనే వాలిన మొక్క ఒకటి పీకి, కాండం మొదట్లో జానెడు ముక్క కోసి, గాజుగ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళకి తగిలేలా పట్టుకున్నాడు. కాసేపటికి ఆ కొన నుంచి సన్నటి తెల్లదారం, పాలచుక్క జారినట్టు, మెల్లగా కిందికి దిగింది. ఆ దారమంతా బ్యాక్టీరియానే! రాల్‌స్టోనియా అంటారు. వేరుకి గాయమైన చోట దూరి, నీళ్ళు పైకెళ్ళే గొట్టాల్లో జిగురుగా పేరుకుపోతుంది, అందుకే తడి నేలలో నిలబడి కూడా మొక్క దాహంతో చస్తుంది.

మంచి బ్యాక్టీరియా ఎంజైములు వదిలి తెగులుని తినేస్తుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ ఏ తెగులుని? చాలా బూజుల కణాల గోడలు కైటిన్, గ్లూకాన్ అనే గట్టి పదార్థాలతో కట్టుకున్నవి, వాటిని కైటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములు కొరికేస్తాయి. నారుమడిలో మొలకల్ని పడగొట్టే పిథియం అనే బూజులాంటి జీవి గోడలో కైటిన్ అంతగా ఉండదు, అక్కడ పని గ్లూకనేజ్‌ది. రాల్‌స్టోనియా తానే బ్యాక్టీరియా కాబట్టి దానికి కైటిన్ గోడే లేదు, కొరకడానికేముంది?

ఇంకో రకం ఎంజైమ్ ఉంది, నాకు భలే నచ్చింది. కుళ్ళు తెప్పించే కొన్ని బ్యాక్టీరియాలు తగినంత గుంపు కూడేదాకా ఊరుకుంటాయి, రసాయనాలతో ఒకదానికొకటి కబురు పెట్టుకుని అప్పుడు మీద పడతాయి. 2000లో సింగపూర్ పరిశోధకులు బాసిల్లస్ అనే ఒక బ్యాక్టీరియాలో ఆ కబురునే తెంపేసే ఎంజైమ్ కనిపెట్టారు. తీరా చూస్తే మన వంగ రోగానిది వేరే భాష, దాని కబురు వేరే రసాయనం!

మరి ఆ తెల్లపిండి దేనికంటే, చోటు ఆక్రమించడానికి. సూడోమోనాస్ వేరు మీద ముందు స్థిరపడితే అక్కడున్న ఇనుముని తనవైపు లాక్కుంటుంది, విషాలు వదులుతుంది, మొక్కని కూడా ముందే అప్రమత్తం చేస్తుంది. శత్రువు గొట్టంలోకి దూరాక ఎన్ని ప్యాకెట్లు పోసినా లాభం లేదు. నేను చేసింది దొంగ ఇంట్లో పడ్డాక కుక్కపిల్లని కొనుక్కోవడం, పైగా దానికి విషమన్నం పెట్టడం.

ఈసారి కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించి నారు పోశాను. ఎకరానికి కిలో చొప్పున చివికిన గత్తంలో కలిపి, నీడలో తడి ఆరకుండా కొన్నాళ్ళు ఉంచి చల్లాను. నాటే ముందు వేళ్ళు కూడా ఆ పొడి కలిపిన నీళ్ళలో ముంచాను. ప్యాకెట్ తేదీ చూసి కొన్నాను, ఎండలో పెట్టలేదు, రాగి మందు జోలికి పోలేదు. పోయినేడు బాగా చచ్చిన మడిలో మాత్రం వంగ వద్దని మొక్కజొన్న వేశాను, ఎందుకంటే ఆ రోగం నేలలో ఏళ్ళ తరబడి కూర్చుంటుంది, పొడిని నమ్ముకుని మళ్ళీ అక్కడే నాటేంత ధైర్యం నాకు లేదు.

అన్నట్టు, సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చిన బంధువులతో ఓ బస్తా రొయ్యల పొట్టు తెప్పించాను. అందులో కైటిన్ ఉంటుంది, నేలలో కలిపితే దాన్ని తినే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది వదిలే కైటినేజే బూజుల మీదా పనిచేస్తుంది. కలిపిన రాత్రే ఊరి కుక్కలన్నీ వచ్చి మడి తవ్వేశాయి. ఉదయం మావయ్య గట్టు మీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు.