జర్మనీలో నర్సుగా గుర్తింపు: నా అనుభవం

మొన్ననే ఉర్కుండె, అంటే ఇక్కడ నర్సుగా పనిచేయడానికి ఇచ్చే అధికారిక పత్రం, చేతికొచ్చింది. ఇక జర్మనీలో నేను సహాయకురాలిని కాదు, పూర్తి స్థాయి నర్సుని. ఈ దారిలో వద్దామనుకునే అమ్మాయిల కోసం రాస్తున్నాను.

హైదరాబాదులో బీ2 (జర్మన్ భాష పరీక్షలో ఒక స్థాయి) పాసవడం, వీసా, ప్రయాణం అన్నీ సాఫీగానే జరిగాయి. సర్టిఫికెట్ల అనువాదాలకి మాత్రం డబ్బు బాగా వదిలింది.

అసలు కష్టం స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో చేరాక మొదలైంది. నేను నేర్చుకున్నది పుస్తకాల జర్మన్, వార్డులో నడిచేది స్వాబిష్ అనే అక్కడి యాస. ‘ఇస్ట్’ కాస్తా ‘ఇష్’ అవుతుంది, మాటల చివర్లు మింగేస్తారు. ఒక పొద్దున డ్యూటీ అప్పగింతలో రాత్రి నర్సు గబగబా చెప్పుకుపోతుంటే, ఒక పేషెంట్ మందు మోతాదు మళ్ళీ చెప్పమని అడిగాను. హెడ్ నర్సు అందరి ముందూ “నీ బీ2 కాగితం రాసి తెచ్చుకున్నదా, కొనుక్కున్నదా?” అంది. ఏళ్ళ తరబడి ఐసీయూలో చేసినదాన్ని! మోతాదు సరిగ్గా వినపడకపోతే అడగడమే కదా నర్సు చేయాల్సిన పని? ఆ మాట అప్పుడు జర్మన్‌లో నోటికి రాలేదు. తర్వాత చాలా రోజులు నాకు దుప్పట్లు మార్చే పనే ఇచ్చింది. భాష తడబడినంత మాత్రాన చదువూ తెలివీ లేవనుకునేవాళ్ళు మనుషుల మీద పెత్తనం చేయకూడదు.

నన్ను నిలబెట్టింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన సీనియర్. ఆమెని మనాంగ్ అంటాను, ఆమె మాతృభాష ఇలోకానోలో అక్క అని. ఇంట్లో ఇలోకానో, బడిలో ఫిలిపినో, ఇంగ్లీషు, ఇప్పుడు జర్మన్. వాళ్ళ దేశంలోని లుజోన్ దీవి ఉత్తరాన వేరే మాతృభాషలున్న కొండప్రాంతాల వాళ్ళు కూడా సంతలో ఇలోకానోలోనే మాట్లాడతారట, రకరకాల పలుకు వినడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటే. జర్మన్‌కి జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌తో పాటు బెల్జియంలోనూ అధికార హోదా ఉంది. సుమారు 80 లక్షల మందికి మాతృభాష అయిన ఇలోకానోనైతే ఫిలిప్పీన్స్‌లోని లా యూనియన్ ప్రావిన్సు అధికార భాష చేసింది 2012లో. ఇలోకానో ప్రభుత్వాల అండతో కాదు, కూలికెళ్ళిన వాళ్ళతో దేశాలు దాటింది, 1906 నుంచి హవాయి చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఇలోకానోలే. విరామంలో వాళ్ళమ్మతో ఫోన్లో ఆ భాష మాట్లాడిందని మనాంగ్‌ని కూడా అదే హెడ్ నర్సు కసిరింది. విరామంలో అమ్మతో ఏ భాష మాట్లాడితే ఆవిడకేం?

మనాంగ్ సలహా ఒకటే: మధ్యాహ్నం కాఫీ వేళ ముసలి పేషెంట్ల పక్కన కూర్చో, వాళ్ళు చెప్పింది నీ జర్మన్‌లో తిరిగి చెప్పి “ఇదేనా?” అని అడుగు. నాకు అదే పనిచేసింది. తర్వాత నర్సుగా గుర్తింపు కోసం పెట్టే పరీక్ష తేలిగ్గానే అయిపోయింది, మంచం దగ్గర పేషెంట్‌తో నేను మాట్లాడిన తీరుని పరీక్షకులు మెచ్చుకున్నారు కూడా.

మూడు నెలల్లో బీ2 అనే కోచింగ్ సెంటర్లని నమ్మకండి. వీలుంటే హనోవర్ వైపు ఆసుపత్రి అడగండి, అక్కడి మాట పుస్తకాల భాషకి దగ్గరగా ఉంటుంది. దక్షిణానికే రావాల్సొస్తే స్వాబిష్, బవేరియన్ యాసల వీడియోలు ఇక్కడికి రాకముందే వినడం మొదలుపెట్టండి.