ఓరియల్ ఛాంబర్స్ అట్టబొమ్మ: మూడో వారం

ఈ వారమంతా కిటికీలతోనే సరిపోయింది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వాటర్ స్ట్రీట్‌లో ఉన్న పాత ఆఫీసు భవనం ఓరియల్ ఛాంబర్స్ మొత్తం అట్టతో చేద్దామని మొదలుపెట్టాను. ఒక్క కిటికీకే రెండు సాయంత్రాలు పట్టేసరికి మూడు వరసలు, రెండు అంతస్తులతో సరిపెట్టుకుంటున్నాను. స్కేల్ 1:50.

కొలతల కోసం మా తమ్ముణ్ణి గోడ పక్కన నిలబెట్టి, అవతలి పేవ్‌మెంట్ మీంచి ఫోటో తీశాను. వాడు 172 సెం.మీ. ఉంటాడు, అంటే బొమ్మలో 34 మి.మీ. పైన అంతస్తులు ఫోటోలో కుదించుకుపోతాయి కాబట్టి అక్కడ కొంచెం ఉజ్జాయింపు తప్పదు.

మొదట ఫ్రేములకి 2 మి.మీ. అట్టముక్కలు కోశాను. తీరా అతికించి చూస్తే బీరువా తలుపుల్లా ఉన్నాయి! 1864లో వాస్తుశిల్పి పీటర్ ఎల్లిస్ కట్టిన ఈ భవనంలో బరువంతా లోపలి పోత ఇనుప స్తంభాలు, దూలాలదే. అందుకే ముందువైపు సన్నటి రాతి స్తంభాలు, వాటి మధ్య బయటికి పొడుచుకొచ్చిన గాజు. పక్కల నుంచి కూడా వెలుతురు లోపలికొస్తుంది. అన్నీ పీకేసి 0.5 మి.మీ. నల్లకాగితం పట్టీలు వేశాక గానీ ఆ కళ రాలేదు. లోపలి స్తంభాలకి 3 మి.మీ. కబాబ్ పుల్లలు వాడాను. 1941 బాంబు దాడిలో ఒక భాగం దెబ్బతిన్నప్పుడు ఈ ఇనుప అస్థిపంజరమే బయటపడిందట.

గాజుకి ఓహెచ్‌పీ షీట్, అంటే పారదర్శకంగా ఉండే పల్చటి ప్లాస్టిక్ షీట్. మడత దగ్గర కత్తి వీపుతో రెండుసార్లు గీసి, స్కేలు అంచుకి ఆనించి వంచాలి. గట్టిగా గీస్తే తెగిపోతుంది, నాకు నాలుగు తెగాయి. సూపర్‌గ్లూ మాత్రం వాడకండి. రాత్రి అతికించి పడుకుంటే పొద్దున్నకి ఆరు కిటికీలకీ తెల్లటి పొగ పట్టేసింది, తుడిస్తే పోదు. ఇప్పుడు పీవీఏ జిగురుని (మామూలు తెల్ల జిగురు) అగ్గిపుల్ల కొసతో చుక్కలుగా పెడుతున్నాను. ఆరడం ఆలస్యమైనా మరక పడదు.

1866లో ఒక పత్రిక ఈ భవనాన్ని గాజు బుడగల గుట్ట అని వెక్కిరించింది. ఇప్పుడది గ్రేడ్ 1 రక్షిత కట్టడం, అంటే ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై స్థాయి. నిన్న టేబుల్ ల్యాంప్ కింద పెట్టి చూస్తే నిజంగానే బుడగల్లా మెరిశాయి, నాకైతే అదే నచ్చింది.

ఆరు కిటికీల్లో నాలుగు మళ్లీ చేశాను, ఇంకో రెండున్నాయి. ఆ తర్వాత రాతి స్తంభాల చెక్కడం పని. అట్ట మీద బాల్‌పెన్‌తో నొక్కి చూస్తాను.