వేమవరంలో ఈతాకు కాని ఈతాకు

"ఏ వేమవరం సార్?" అన్నాడు ఒంగోలు ఆటో ఆయన. నేనేమో ఒకటే ఉంటుందనుకుని బస్సు దిగాను. రాళ్లలో ఆకుల అచ్చులు దొరికే ఊరంటే నవ్వి, "రాళ్లకైతే చీమకుర్తి పోవాల గదా" అన్నాడు. అక్కడి గెలాక్సీ గ్రానైట్ కరిగిన శిలాద్రవం గడ్డకట్టిన రాయి, అందులో ఆకు ఎక్కడుంటుంది? బేరం చెడుతుందని నోరు మూసుకున్నాను. అయినా రానూపోనూ 900 గుంజాడు, వెయిటింగ్ వేరే.

ఎండలో గంటన్నర తిరిగితే ఒక బావి పక్కన తవ్విపోసిన రాళ్లకుప్ప కనబడింది. తెల్లగా, అక్కడక్కడా ఊదారంగు చారలతో. నేను సుత్తితో కొడితే పిండిపిండి అయింది. గేదెలు కాస్తున్న తాత కాసేపు చూసి, "అట్టా కాదబ్బాయ్" అని పలకను నిలబెట్టి అంచు మీద ఇంకో రాయితో మెల్లగా తట్టాడు. పుస్తకంలా తెరుచుకుంది.

లోపల ఆకు! చిటికెన వేలంత. నడుమ ఈనె, రెండు పక్కలా దువ్వెన పళ్లలా సన్నటి రేకులు.

"ఈతాకు," అన్నాడు తాత.

చూడ్డానికి అంతే, కానీ కాదు. టైలోఫిల్లం అంటారు. తోటల్లో పెంచే సైకస్ చెట్టును పోలి ఉండేది, ఈ టైలోఫిల్లం వంశం మొత్తం ఎప్పుడో అంతరించింది. ఈ ఆకు రాలి పది కోట్ల ఏళ్లు దాటింది. ఫీస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త 1879లోనే ఈ వేమవరం ఆకుల గురించి రాశాడు. ఊళ్లో మాత్రం ఒక బోర్డు కూడా లేదు.

మా ఇంటి వరండాలో, సిమెంటు ఆరకముందే రాలిన వేపాకు అచ్చు ఇప్పటికీ ఉంది. ఇక్కడా అంతే, కాకపోతే సిమెంటుకు బదులు నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద. ఇవే పొరల్లో నత్తల్లా చుట్టుకున్న అమ్మోనైట్లూ దొరికాయి, అవి సముద్రపు జీవులు. ఇప్పుడు సముద్రం చూడాలంటే కొత్తపట్నం పోవాలి. నాకు అమ్మోనైట్ ఒక్కటీ దొరకలేదు.

ఆకును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ గతుకులకు ఒంగోలు బస్టాండు చేరేసరికి మూడు ముక్కలైంది. వెయిటింగుకు ఇంకో 150 ఇస్తుంటే ఆటో ఆయన తొంగిచూసి, "దీనికా సార్!" అన్నాడు.