ఎంసీబీ పడలేదు కాబట్టి ఏమీ లేదన్నాడు

నిన్న సాయంత్రమే ఏసీ సాకెట్ మార్పించాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది విజయవాడ పటమటలో పాత ఫ్లాటు. ఏసీ వేసిన కాసేపటికి గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన, ఆపితే తగ్గేది. సాకెట్ మూతకి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. వెంటనే ఏసీ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను.

వచ్చినాయన సాకెట్ వంక కన్నెత్తి చూడలేదు. నేరుగా ఎంసీబీ (తేడా వస్తే దానంతటదే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) బాక్సు దగ్గరికెళ్ళి, "ఎంసీబీ పడలేదు కదమ్మా, వైరింగ్ బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. మరి ఆ వాసనేంటి బాబూ అంటే, "ఆడవాళ్ళకి అన్నీ వాసనలే" అని మా అత్తగారి ముందే నవ్వాడు. ఒక్కసారి సాకెట్ విప్పి చూడమన్నాను. "సార్ వచ్చాక మాట్లాడతాలెండి" అట! వాసన పట్టింది నేను, చెయ్యి చురుక్కుమన్నది నాకు. సార్‌తో ఏం పని? వచ్చినందుకు డబ్బులు మాత్రం నా చేతి మీదుగానే తీసుకుపోయాడు.

అసలు ఎంసీబీ పడేది తీగలో కరెంటు మోతాదు మించినప్పుడు. సాకెట్‌లో తీగని పట్టి ఉంచే స్క్రూ వదులైతే కరెంటు పెరగదు. ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది ఎప్పటిలాగే ఏడెనిమిది ఆంపియర్లు. తీగ ఆనీ ఆననట్టున్న చోట మాత్రం రెసిస్టెన్స్ పెరిగి, వేడంతా అక్కడే పుడుతుంది. ఆ వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. 20 ఆంపియర్ల ఎంసీబీకి ఇది తెలిసే దారే లేదు. షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్ చూసేది కరెంటు లీకేజీని, అదీ దీన్ని పట్టుకోదు. ఇంటర్ ఫిజిక్స్‌తో నాకు అర్థమైనది ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్న మనిషికి తెలియదా?

మర్నాడు బెంజి సర్కిల్ దగ్గర ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఒక పెద్దాయన్ని పంపారు. మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకుని, సాకెట్ విప్పారు. న్యూట్రల్ తీగని ఇలా లాగితే అలా ఊడొచ్చింది. దాని తొడుగు జేగురు రంగుకి మాడి, పెళుసెక్కి రాలుతోంది. "ఇదిగోనమ్మా నువ్వు చెప్పిన వాసన" అన్నారు. అత్తగారిని పిలిచి మరీ చూపించాను.

మాడిన ముక్క కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి ఒలిచి, కొత్త సాకెట్‌కి బిగించి, గట్టిగా లాగి చూశారు. నల్లబడ్డ ప్లగ్గు కూడా మార్చారు. టేపు చుట్టి సరిపెట్టేవాళ్ళని గుమ్మం తొక్కనివ్వకండి. బాక్సులో ఎంసీబీల స్క్రూలు కూడా బిగించమన్నాను. వాటిలో ఒకటి దాదాపు ముప్పావు చుట్టు తిరిగింది. గీజర్ సాకెట్ చలికాలం దాకా ఆపకుండా ఈ ఆదివారమే విప్పిస్తున్నా.