ఎట్టకేలకు ఎం101 కనిపించింది

నిన్న రాత్రి ఎం101 గెలాక్సీని నా కళ్లతో చూశాను. ఇంకా నిద్ర పట్టలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

చోటు పట్టుకోవడం తేలికే. సప్తర్షి మండలంలో అరుంధతి దగ్గర మొదలుపెట్టి తూర్పుగా సాగే మసక నక్షత్రాల వరుస వెంట వెళ్లాలి. చివరి నక్షత్రానికి ఒకటిన్నర డిగ్రీ ఈశాన్యంలో ఉంటుంది.

అక్కడికి చేరాకే అసలు కష్టం. మూడు అమావాస్యలు వెళ్లాను, ఏమీ లేదు. దీని ప్రకాశం 7.9 (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) అని పట్టికల్లో చూసి, 8 అంగుళాల టెలిస్కోప్‌కి ఇదెంత అనుకున్నాను. ఆ అంకెను నమ్మకండి. అది వెలుగంతా ఒకే చుక్కలో ఉంటే వేసే లెక్క. ఈ గెలాక్సీ పళ్లెంలా మనవైపే తిరిగి, దాదాపు నిండు చంద్రుడంత వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఉన్న కాస్త వెలుగూ అంత మేరా పలచబడిపోతుంది.

రెండోసారి నలుగురితో కలిసి వెళ్లినప్పుడు, అనుభవం ఉన్న ఒకాయన అందరి ముందూ "ఇది కూడా కనబడకపోతే చంద్రుణ్ణి చూసుకోండి" అన్నారు. ఆయన చేతిలో ఫోన్ తెల్లగా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగు ఒక్కసారి కంట్లో పడితే మళ్లీ అరగంట చీకట్లో ఉండాలి. తల దించుకుని సామాను సర్దుకున్నాను. "ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మార్చి చూడండి" అని ఒక్క మాట చెబితే ఆయనకేం పోయేది? కొత్తవాళ్లను అవమానించే వాళ్ల పక్కన టెలిస్కోప్ పెట్టకండి.

తప్పు నా 10 ఎంఎం ఐపీస్‌లో ఉంది. 120 రెట్లు పెద్దది చేస్తే ఆ పలచటి వెలుగు ఇంకా పలచబడుతుంది. నిన్న 30 ఎంఎం పెట్టాను, 40 రెట్లే. ఫోన్ ఆపేసి అరగంట చీకట్లో కూర్చున్నాను. నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తూ గొట్టాన్ని వేలితో తట్టాను. కదిలినప్పుడు తెలిసింది: గుండ్రటి పెద్ద పొగమరక, మధ్యలో కొంచెం చిక్కన. ఆపితే మాయం, తడితే ప్రత్యక్షం.

సర్పిల భుజాలు, అంటే ఫొటోల్లో సుడిలా తిరిగి కనిపించే చేతులు, కనబడలేదు. ఫర్వాలేదు. 1781లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త పియర్ మెషాన్ దీన్ని మొదటిసారి చూసినప్పుడూ మసకే కనిపించింది. సుమారు 2 కోట్ల 10 లక్షల ఏళ్లు ప్రయాణించి వచ్చిన వెలుగు అది. కంప్యూటర్ మోటారు లేకుండా, చేత్తో తిప్పి పట్టుకున్నాను. గర్వంగానే చెబుతున్నాను.

2023 మేలో ఇందులో ఒక నక్షత్రం పేలినప్పుడు నా దగ్గర టెలిస్కోప్ లేదు. ఈసారి పేలితే ఎటు తిప్పాలో తెలుసు.