హమామట్సు ప్రయాణం: మూడో ట్రయల్‌ల గూడ మంద్ర పంచమం మూగవోయింది

జపాన్‌ల హమామట్సు అనే ఊరికి నా హార్మోనియం తీసుకపోవాలె. దారిల పాడుగాకుంట ఉంటదా అని పెట్టెల పెట్టి తిప్పి చూస్తున్న. మళ్లా అదే కథ. హైదరాబాద్ పోయి తిరిగి మిర్యాలగూడకు వచ్చి, పెట్టె మూత తీసి, తిత్తి ఊది మెట్టు నొక్కిన. స్స్ అని గాలి పోతున్నది, స్వరం లేదు. కింది సప్తకం పంచమం ఒక్కటే. పక్కనున్న మధ్యమం, ధైవతం ఖణేల్‌మంటున్నయి. ఎంత కోపమొచ్చిందంటే ఆ పెట్టె మీదనే తల పెట్టుకొని కూసున్న.

వీసా కాగితాలు తయారు. టికెట్ల ధర చూస్తున్న. అవన్నీ సక్కగనే ఉన్నయి, పీకులాటంతా ఈ హార్మోనియంతోనే.

దీన్ని మోసుకపోవుడెందుకని మా తబలా బావ రోజూ అడుగుతడు. 1887ల హమామట్సు బడిల పాడైన రీడ్ ఆర్గాన్‌ను (హార్మోనియం లెక్కనే రీడ్లు, అంటే సన్న లోహపు నాలుకలు, గాలికి వణికి పలికే వాయిద్యం) బాగుచేసింది యమహా కంపెనీ పెట్టిన తొరకుసు యమహా. తర్వాత సొంతంగ ఒకటి చేసి, ఇంకొకరితో కలిసి కావడి కట్టుకొని హకొనె కొండలు దాటి టోక్యో మోసుకపోయిండు. దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు. అక్కడ సంగీతం సార్లు శృతి బాగలేదని తిప్పి పంపిండ్రు. నా యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ట్యాంకు మీది పేరు, నేను భజనల వాయించే రీడ్ల విద్య, రెండూ ఆ ఊర్ల కలుస్తయి. ఖాళీ చేతులతోని పోతే ఏం మజా?

ఇగ లెక్కలు. మెట్లు 39, రెండు వరుసలు, రీడ్లు 78. హార్మోనియం 9.4 కిలోలు, ప్లైవుడ్ పెట్టె 6.1. బయటి కొలత 66, 42, 38, మొత్తం కలిపి 146 సెంటీమీటర్లు. షింకన్‌సెన్‌ల (జపాన్ బుల్లెట్ రైలు) 160 దాటితే సామానుకు ముందే సీటు బుక్ చేసుకోవాలె, ఆ బాధ తప్పింది.

మొదటి ట్రయల్ బస్సుల, 25 మిల్లీమీటర్ల ఫోముతోని. పంచమం పోయింది. రెండోది రైల్ల, ఫోము 40 చేసిన. ఏం కాలే, గెలిచిన అనుకున్న. మూడోది అదే 40తోని మళ్లా బస్సు. పోయింది.

మొదలు మిల్లు దుమ్మనుకున్న. మా మిల్లుల ఊక దుమ్ము చొరని సందు లేదు. రీడ్ల పలక ఇప్పి భూతద్దం పెట్టి చూసిన, నలుసు లేదు. ఫీలర్ గేజ్‌ల (సందు కొలిచే సన్న రేకుల కట్ట) అన్నిటికన్న సన్నది, 0.05 మిల్లీమీటర్లది, నాలుకకు ఎడమ దిక్కు దూరింది. కుడి దిక్కు దూరలే. అంటే నాలుక పక్కకు జరిగి గాడి అంచుకు తాకుతున్నది. రివెట్ మీద సన్న సుత్తితోని రెండు దెబ్బలేసి, సూదితోని నడిమిట్లకు తెచ్చిన. పలికింది.

మరి రైల్ల ఎందుకు జరగలే? అప్పుడు యాదికొచ్చింది. రైల్ల పెట్టెను సీటు కింద పండబెట్టిన, బస్సుల కాళ్ల నడుమ నిలబెట్టిన. ఆర్‌ఎక్స్ క్యారియర్‌కు పెట్టెను నిలువుగ కట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి 20 నిమిషాలు న్యూట్రల్‌ల ఉంచిన. పంచమం మూగ. మళ్లా సరిచేసి, పండబెట్టి, ఇంకో 20 నిమిషాలు. పలికింది. 98 సీసీ టూ స్ట్రోక్ వణుకుకు సాటి వచ్చే పరీక్ష యంత్రం ఏ కంపెనీ చేస్తది చెప్పుండ్రి! ఇంట్లామె ఆ పొగకు దగ్గుకుంట వచ్చి, "జపాన్‌కు పొయ్యేది నువ్వా, నీ పెట్టెనా?" అన్నది.

78ల ఇదొక్కటే ఎందుకంటే రివెట్ వదులని నా అనుమానం. మంద్రం నాలుకలు పొడుగు, కొన దిక్కు బరువు, అందుకే ఊపు ఎక్కువ. కొత్త రీడు కోసం గుజరాత్‌ల రీడ్లు చేసే ఊరు పాలితానాకు చెప్పిన. జర్మన్ రీడ్లే వేయించుకోమని భజన సారు పోరుతున్నడు గని, మన కింది స్వరాలకు పాలితానా ఇత్తడి గంభీరమే నాకిష్టం.

విమానంల పెట్టెను పండబెట్టుమని ఎవలకు చెప్పాలె? అందుకే ఇప్పుడు అనుకుంటున్నదేందంటే, రీడ్ల పలక ఇప్పి బట్టల నడుమ చుట్టి చేతిసంచిల పెట్టుకోవాలె, డొల్ల మాత్రం విమానం కింది సామాన్లల్ల వేయాలె. ఎక్స్‌రేల 78 ఇత్తడి ముక్కలు చూసి ఆపుతరు, తెలుసు. అందుకే హార్మోనియం ఫొటోలు ఫోన్ల పెట్టుకుంట.

తేదీలు ఇంకా తేలలే. మే 3 నుంచి 5 దాకా హమామట్సుల గాలిపటాల పండుగ, చూడబుద్ధయితున్నది. గోల్డెన్ వీక్‌ల (అప్పుడు జపాన్‌ల వరుస సెలవులు) గదుల కిరాయి చూస్తే బుద్ధి మారుతున్నది. షింకన్‌సెన్‌లల్ల నొజోమి బండి ఆ ఊర్ల ఆగదు, హికరిలల్ల కొన్ని ఆగుతయి, కొదమ ఎట్లాగూ ఆగుతది. 2023ల 50 వేల యెన్‌లకు పెంచిన ఏడు రోజుల రైలు పాసు నాకు దండుగ, టోక్యో నుంచి పోను టికెట్ 8 వేల చిల్లరే. పక్కనున్న ఇవాతా ఊర్ల యమహా మోటార్ వాళ్ల ప్రదర్శనశాలకు, సుజుకీ ప్లాజాకు ఒక్కో రోజు. వాయిద్యాల మ్యూజియంకు రెండు రోజులు, అది తగ్గేదే లేదు.

నాలుగో ట్రయల్ వచ్చే ఆదివారం. పలక ఒక సంచిల, డొల్ల ఒక బస్సుల.